ఏటి వాలు, ఆఫీసు గీత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన శ్రీకాకుళం జిల్లా నదుల గురించి, వాటి ఒడ్డునున్న పల్లెల పాలన గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. భోజనాలకు ముందు నన్ను నిలబెట్టారు కాబట్టి నాలుగు మాటలు నలభై కాకుండా చూసుకుంటాను. ముప్పై అయిదేళ్లు పంచాయతీరాజ్ శాఖలో పనిచేశాను. గుమాస్తాగా చేరి, విస్తరణాధికారిగా ఊళ్లు తిరిగి, 2018లో పదవీ విరమణ చేశాను. ఆ తిరుగుడులో నాకు అర్థమైన సంగతి ఒక్కటే. నీరు వాలును బట్టి పారుతుంది. ఆఫీసు గీతను బట్టి పనిచేస్తుంది. ఈ రెండూ కలవని చోటల్లా రైతు కాగితం పట్టుకుని తిరుగుతుంటాడు. వాలు తెలిసినవాళ్లూ గీత తెలిసినవాళ్లూ ఒకచోట కూర్చోవడానికి చట్టం మన పల్లెకు ఒక చోటు ఇచ్చింది. అదే గ్రామసభ. ఆ చోటు ఖాళీగా ఉంటోంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు వాలు సంగతి చూద్దాం. మన సోషల్ మాస్టారు నల్లబల్ల మీద జిల్లా పటం గీసేటప్పుడు ఊళ్లతో మొదలుపెట్టేవారు కాదు. ముందు కొండలు, తర్వాత ఏళ్లు, చివర సముద్రం గీసి, ఇప్పుడు మీ ఊరు పెట్టండిరా అనేవారు. అదే వరసలో వెళదాం.

ఒడిశాలో కలహండి జిల్లా తువాముల్ రాంపూర్ అని ఒక కొండసీమ ఉంది. మన రెండు పెద్ద నదులకూ పుట్టిల్లు అదే. వంశధార, నాగావళి ఒకే సీమలో పుట్టి, చెరో దారి పట్టి, మళ్లీ మన జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. వంశధార రాయగడ, గజపతి జిల్లాలు దాటి, భామిని దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, కళింగపట్నం దగ్గర సముద్రాన్ని చేరుతుంది. పొడవు 254 కిలోమీటర్లు. నాగావళి 256 కిలోమీటర్లు నడిచి, శ్రీకాకుళం పట్టణాన్ని ఒరుసుకుని, కళ్లేపల్లి దగ్గర కలుస్తుంది. ఇవి కాక మహేంద్రతనయ అనే పేరుతో రెండు ఏళ్లున్నాయి. ఒకటి పర్లాకిమిడి, పాతపట్నం పక్కనుంచి వచ్చి గొట్టాకు ఎగువన వంశధారలో కలుస్తుంది. ఇంకొకటి బారువ దగ్గర నేరుగా సముద్రంలోకి పోతుంది. ఉత్తరాన ఇచ్ఛాపురం దగ్గర బాహుదా ఉంది. వీటికి తోడు పేర్లున్న గెడ్డలు, పేర్లు లేని గెడ్డలు, వాటిని నమ్ముకున్న చెరువులు, బందలు లెక్కలేనన్ని.

వంశధార పరీవాహక ప్రాంతం 10,830 చదరపు కిలోమీటర్లు. అందులో నాలుగింట మూడు వంతులు ఒడిశాలో ఉంది. అంటే మన పొలానికి వచ్చే నీటిలో ఎక్కువ భాగం మనకు ఓటు లేని చోట కురిసిన వాన. మన ఊళ్లో ఎండ కాస్తుంటే ఏరు ఎర్రగా ఉరకడం మీరంతా చిన్నప్పుడు చూసే ఉంటారు. అది గుణుపురం వైపు వాన. కొండ దగ్గర, సముద్రమూ దగ్గర. మధ్యలో ఏటికి ఆగడానికి చోటు లేదు. వరద వచ్చినా, పోయినా గంటల లెక్కే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మొదట గాలి కొబ్బరిచెట్లను కూల్చింది. ఆ వెనకే ఎగువ వానలకు వంశధార పొంగి పొలాల మీద పడింది. గాలి దెబ్బ ఒక వైపు మండలాలకు, నీటి దెబ్బ మరో వైపు మండలాలకు. తుపాను మాత్రం ఒక్కటే.

ఈ వాలులోనే మన నేలల పేర్లన్నీ ఉన్నాయి. కొండ దిగితే మెట్ట, మెట్ట దిగితే పల్లం, పల్లం దాటితే తంపర, ఆ పక్కన ఇసుక నేలల్లో కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. సోంపేట వైపు వాననీరు నిలిచే పల్లపు నేలను బీల అంటారు. ఈ పేర్లు ఏ ఆఫీసూ పెట్టలేదు. నీరు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూసి మన పెద్దలు పెట్టారు.

ఇక గీతల సంగతి. మా తాతగారు గంజాం జిల్లాలో పుట్టారు. మా నాన్నగారు 1937లో విశాఖపట్నం జిల్లాలో పుట్టారు. నేను శ్రీకాకుళం జిల్లాలో పుట్టాను. ముగ్గురం పుట్టింది ఒకే పెంకుటింట్లో, ఒకే గదిలో. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇదే కథ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం అటు పోయింది, చికాకోల్, టెక్కలి వైపున్న మనం విశాఖపట్నం జిల్లాలో కలిశాం. పర్లాకిమిడి పట్టణం అటు, ఏరు దాటితే పాతపట్నం ఇటు. గిడుగు రామమూర్తి పంతులుగారు వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపి, ఆ గీత పడ్డ ఏడే ఆ ఊరు విడిచి వచ్చేశారు. గీతకు ఎంత బలముందో దాన్నిబట్టి తెలుస్తుంది.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు పార్వతీపురం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు అటు పోయాయి. 2022 ఏప్రిల్ 4న మళ్లీ గీతలు మారాయి. మన 38 మండలాల్లో పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాకు. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరం జిల్లాకు వెళ్లాయి. మనకు 30 మిగిలాయి. కొత్త జిల్లా కేంద్రం దగ్గరవడం ఆ ఊళ్లవారికి మేలే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ నీటి వైపు నుంచి చూడండి. వంశధార మన రాష్ట్రంలో అడుగుపెట్టే భామిని ఇప్పుడు ఒక జిల్లా, అదే నీటిని ఆపి కాలువలకు మళ్లించే గొట్టా బ్యారేజి మరో జిల్లా. సువర్ణముఖి మీద మడ్డువలస జలాశయం వంగర మండలంలో, అంటే విజయనగరం జిల్లాలో ఉంది. దాని నీరు తాగే పొలాల్లో జి.సిగడాం, పొందూరు వైపువి మన జిల్లాలో ఉన్నాయి. తోటపల్లిలో నాగావళికి అడ్డం కడితే అది మన్యం జిల్లా, దిగువన అదే నది శ్రీకాకుళం.

ఇంకో విచిత్రం వినండి. జిల్లాలు విడిపోయినా, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు ఉమ్మడి జిల్లాకే కొనసాగుతోంది. కాబట్టి కలెక్టరుగారి జిల్లా 30 మండలాలు, జిల్లా పరిషత్తు జిల్లా 38 మండలాలు. మీ ఊరు ఏ జిల్లా అని రాజాం మనిషిని అడిగితే, దేనికోసం అడుగుతున్నారు అని ఎదురు అడిగే హక్కు అతనికి ఉంది.

ఇలా గీతలు మారడం ఎవరి కుట్రా కాదు. పాలనకు గీతలు కావాలి. అయితే గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లు కలిసి కూర్చునే ఏర్పాటు లేకపోతే ఎంత కాలం పోతుందో చూపడానికి మన నేరడి ఒక్కటి చాలు. వంశధారలో 115 టీఎంసీల నీటిని రెండు రాష్ట్రాలు సగం సగం పంచుకోవాలని 1962లో ఒప్పుకున్నాయి. భామిని మండలం నేరడి దగ్గర బ్యారేజి కట్టాలంటే అవతలి ఒడ్డున ఒడిశాలో 106 ఎకరాలు కావాలి. మాటలు సాగాయి, ఉత్తరాలు సాగాయి, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో అది నేరడికి అనుమతినిస్తూ తీర్పు చెప్పింది, 2021లో మరో నివేదిక ఇచ్చింది. బ్యారేజి ఇంకా లేదు. ఈ మధ్యలో కాట్రగడ్డ దగ్గర పక్కవియరు కట్టి, వరద నీటిని హిరమండలం జలాశయానికి మళ్లించే దారి పట్టారు. ఆ జలాశయం సామర్థ్యం సుమారు 19 టీఎంసీలు. దానికోసం హిరమండలం, కొత్తూరు వైపు ఊళ్లకు ఊళ్లు లేచి పునరావాస కాలనీలకు వెళ్లాయి. ఈ రోజు మన కుళాయిలో, మన మడిలో ఆ నీరు ఉన్నప్పుడు ఆ ఊళ్లవాళ్లను మనం తలుచుకోవాలి. ఆ ఊళ్లలో కొందరు పిల్లలు మన బడిలో చదివినవాళ్లే.

ఇప్పుడు పాలన. బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి గేటు మీద పేరు చదవండి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. మనకు ముందు చదివినవాళ్లు దీన్ని బోర్డు హైస్కూలు అనేవారు. చిన్నప్పుడు నేను ఆ బోర్డు అంటే నల్లబల్ల అనుకునేవాణ్ని. అది జిల్లా బోర్డు. 1884 మద్రాసు స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. రోడ్లు, ఆసుపత్రులు, సత్రాలు, బడులు చూడటం వాటి పని. 1934లో తాలూకా బోర్డులు తీసేశారు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చి, బోర్డు బడి పరిషత్తు బడి అయింది. 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలాలు వచ్చాయి. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది, 1994లో మన పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. అంటే మనం చదివిన ఈ బడే స్థానిక ప్రభుత్వం కట్టిన బడి. మన అక్షరాలకు వాళ్లకు బాకీ ఉన్నాం.

73వ సవరణ రాజ్యాంగంలో పదకొండో షెడ్యూలు చేర్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు అందులో ఉన్నాయి. మొదటిది వ్యవసాయం. రెండోది భూమి అభివృద్ధి, భూసార పరిరక్షణ. మూడోది చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యం, పరీవాహక అభివృద్ధి. చూశారా, ఇళ్లూ రోడ్లూ దీపాలూ అన్నీ నీటి తర్వాతే. కానీ ఆ అప్పగింత రాష్ట్రం ఇష్టానికి వదిలారు. అందువల్ల షెడ్యూలులో నీరు మూడో స్థానంలో ఉన్నా, పల్లెలో సర్పంచి చేతిలో ఎక్కువగా మిగిలింది కుళాయి, కాలువ అంటే మురుగు కాలువ, వీధి దీపం.

పొలంలోకి వచ్చే నీటికి వేరే దారి ఉంది. చాలాకాలం 100 ఎకరాలలోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీరాజ్ వైపు, అంతకు పైవి నీటిపారుదల శాఖ వైపు ఉండేవి. చెరువు గర్భం సర్వే నంబరు రెవెన్యూ వారిది. చేపల వేలం ఇంకొకరిది. గట్టు మీద చెట్లు వేరొకరివి. అంతకుముందు కరణం దగ్గర ఒక లెక్క ఉండేది. ఏ మదుం కింద ఎన్ని మడులు, ఏ గెడ్డ ఏ చెరువులో పడుతుంది అన్నది ఆయన నోటిమీద ఉండేది. ఆ పెత్తనంలో అన్యాయాలు చాలా ఉన్నాయి, 1984లో ఆ పదవులు రద్దు కావడం మంచిదే. అయితే పెత్తనంతో పాటు ఆ నీటి లెక్క కూడా పోయింది. దాన్ని తిరిగి రాసి పెట్టుకునే పని మనం ఎవరమూ చేయలేదు.

1997లో రైతుల యాజమాన్యంలో నీటిపారుదల వ్యవస్థల చట్టం తెచ్చి, నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. మంచి చట్టం. ఎందుకంటే అందులో గీత నీటిని బట్టే గీశారు. ఊరిని బట్టి కాక, ఏ తూము కింద పొలం ఉందో దాన్నిబట్టి సంఘం. కానీ ఎన్నికలు ఒకసారి జరిగితే మళ్లీ ఎప్పుడో. చివరిగా 2024 డిసెంబరులో జరిగాయి. ఆ సంఘం అధ్యక్షుడు ఎవరో ఈ సభలో ఎంతమందికి తెలుసు అని అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను.

మన ఊళ్లకు ఇది ఎందుకు ప్రాణం మీది సంగతి? గొట్టా నుంచి వచ్చే వంశధార ఎడమ కాలువ ఆయకట్టు సుమారు 1.48 లక్షల ఎకరాలు. కాలువ తల దగ్గర హిరమండలం, చివర పలాస, వజ్రపుకొత్తూరు వైపు. మనం శివారు వాళ్లం. తల దగ్గరివాడికి నీరు ఎక్కువై మడి గండి కొడతాడు, శివారు వాడు నారుమడి ఎండి ఆకాశం చూస్తాడు. శివారు పొలానికి రెండేళ్లు వరసగా నీరు రాకపోతే మొదట అది బీడు పడుతుంది. మూడో ఏడు ఆ ఇంటి కుర్రవాడు చెన్నైకో, హైదరాబాదుకో, అండమానుకో, గల్ఫుకో పనికి పోతాడు. తర్వాత భార్యాబిడ్డలూ వెళతారు, ఇంటికి తాళం పడుతుంది. ఆ తర్వాత మన బడి హాజరు పట్టీలో ఒక పేరు కొట్టేస్తారు. మన రోజుల్లో తరగతికి రెండు సెక్షన్లు, బెంచీకి అయిదుగురు. ఇప్పుడు బెంచీలు మిగిలిపోతున్నాయని ప్రధానోపాధ్యాయులు ఇందాక చెప్పారు. ఇంగ్లీషు మీడియం బడులు, బస్సులు, పుట్టుకలు తగ్గడం, అవన్నీ కారణాలే. కానీ కాలువ శివారుకు, హాజరు పట్టీకి ఉన్న సంబంధాన్ని కూడా ఉపాధ్యాయులు గమనించాలని నా మనవి.

గ్రామసభతో ఏమవుతుంది అని కొందరు మిత్రులు నవ్వుతారు. నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊళ్ల పేర్లు అక్కర్లేదు. 2013 అక్టోబరు. ఫైలిన్ తుపాను పోయింది అనుకుంటుండగా నెలాఖరులో వానలు పట్టుకున్నాయి. ఒక చెరువుకు గండి పడింది. ఆ చెరువు గట్టు ఒక పంచాయతీలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం పక్క పంచాయతీలో ఉంది. ఆ రెండూ వేర్వేరు మండలాలు. గట్టు ఉన్న ఊరివారు, మా పొలం మునగలేదు, మాకేం పని అన్నారు. ఆయకట్టు ఊరివారు, గట్టు మా హద్దులో లేదు, మేము చెయ్యి పెడితే తప్పు అన్నారు. రైతులు మూడు ఆఫీసులు తిరిగారు. ఒక్కో ఆఫీసులో ఒక్కో పటం, ఒక్కో పటంలో ఒక్కో హద్దు. నేనూ ఆ మూడు ఆఫీసుల్లో ఒక దానిలో మనిషినే. చివరికి ఆయకట్టు రైతులు తాటిదూలాలు, ఇసుక బస్తాలు వేసి గండి ఆపారు. ఉన్న కాస్త నీరు నిలిచింది, పంట సగం దక్కింది.

వేసవిలో మళ్లీ ఆ గట్టు సంగతి ముందుకు వచ్చింది. బస్తాలు ఒక వాన ఆపుతాయి గాని రెండో వానకు నిలవవు. పంచాయతీరాజ్ చట్టంలో రెండు పంచాయతీలు ఉమ్మడి కమిటీ వేసుకునే వీలుంది. ఆ సంగతి రెండు ఊళ్లలోనూ చెప్పాం. రెండు ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. మొదటి ఊరి సభకు పక్క ఊరి పెద్దలు వచ్చి కూర్చున్నారు. అక్కడ ఒక ముసలాయన లేచి, మన గట్టు ఉన్న ఊరి తాగునీటి బావికి ఊట ఆ చెరువు నుంచే కదా, అది ఎండితే మన బావి ఎండదా అని అడిగాడు. అంతే, వాదన అక్కడ ఆగింది. ఏ పటంలోనూ ఆ బావికి, ఆ చెరువుకు గీత లేదు. ఆ ముసలాయన తలలో ఉంది. రెండు సభల్లోనూ ఒకే మాటలతో తీర్మానం రాశారు, ఉపాధి హామీ పనుల జాబితాలో గట్టు పనిని రెండు పంచాయతీలూ పెట్టాయి. ఒక ఊరి కూలీలు ఆ చివర నుంచి, రెండో ఊరి కూలీలు ఈ చివర నుంచి మట్టి వేస్తూ మధ్యలో కలిశారు. కొత్త చట్టం రాలేదు, కొత్త పథకం రాలేదు, మంత్రిగారు రాలేదు. ఉన్న చట్టంలో ఉన్న వీలును ఉపయోగించుకున్నారు.

అన్ని గొడవలూ ఇలా తీరుతాయని నేను చెప్పను. నేరడిని గ్రామసభ కట్టలేదు. ఉద్దానానికి నీళ్లు పంచాయతీ తేలేదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో మనకు తెలుసు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నేల లోపలి నీటి మీద అనుమానంతో, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా ఆ ఏడు మండలాలకు శుద్ధి చేసిన నీరు ఇచ్చే పథకం 700 కోట్ల రూపాయలతో కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. అంటే వంశధార నీరు తన పరీవాహకం దాటి ఉద్దానం వెళుతోంది. ఇది రాష్ట్రం మాత్రమే చేయగల పని. కానీ ఆ గొట్టం ఊరి ట్యాంకు దాకా వచ్చాక, ఏ వీధికి నీరు వస్తోంది, ఏ వీధికి రావడం లేదు, ట్యాంకు ఎప్పుడు కడిగారు, పరీక్ష ఎప్పుడు చేశారు అని అడగాల్సింది ఆ వీధివాళ్లే. అడిగే చోటు గ్రామసభే.

డబ్బు లేదు అనే మాట కూడా సగం నిజమే. పంచాయతీ సొంత ఆదాయం ఇంటి పన్నుతో ఏమూలకూ చాలదు. కానీ 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, వాననీటి నిల్వకు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. అంటే మన పంచాయతీకి వచ్చిన ఆ డబ్బులో ఎక్కువ భాగం నీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించిన డబ్బే. ఆ డబ్బుతో ఏం చేయాలో రాసే ప్రణాళిక గ్రామసభ ముందు పెట్టాలి. ఆ ప్రణాళిక, ఖర్చు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. బెంగళూరులో కూర్చున్న మన మిత్రుడూ చూడొచ్చు, డల్లాస్‌లో ఉన్న చెల్లెమ్మా చూడొచ్చు. చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. నా ఉద్యోగ కాలంలో ఎన్నో గ్రామసభలకు వెళ్లాను. సంతకాల పుస్తకం నిండా పేర్లుండేవి, చాప మీద మాత్రం పదిమంది ఉండేవారు. ఇంటింటికీ తిప్పి సంతకాలు తెచ్చిన పుస్తకం అది.

అందుకే సంఘానికి మూడు మనవులు చేస్తాను. కార్యవర్గం స్వర్ణోత్సవ నిధితో స్వాగత తోరణం కట్టిద్దామని అనుకుంటున్నట్టు విన్నాను. కట్టండి, నేనూ నా వంతు ఇస్తాను. దానితో పాటు ఇవి కూడా చూడండి.

మొదటిది, బడి ఆవరణలో ఒక వర్షమాపకం. దాని ఖరీదు తోరణం మీద వేసే రంగుల ఖరీదు కూడా ఉండదు. పొద్దున్నే ప్రార్థన తర్వాత ఎనిమిదో తరగతి పిల్లలు కొలిచి, నోటీసు బోర్డు మీద రాయాలి. మండలం మొత్తానికి ఒక అంకె ప్రభుత్వం ఇస్తుంది. మన ఊరి అంకె మన దగ్గర ఉంటే, పంట నష్టం రాసేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది.

రెండోది, నీటి పటం. మన బడికి పిల్లల్ని పంపే ప్రతి పంచాయతీకీ ఒకటి. వాన ఏ మెట్ట మీద పడుతుంది, ఏ గెడ్డలోకి దిగుతుంది, ఏ చెరువు నింపుతుంది, ఆ చెరువుకు మదుంలు ఎన్ని, అలుగు పారితే నీరు ఎవరి పొలం మీదుగా పోతుంది, ఏ బావికి ఊట ఎక్కడిది. ఉపాధ్యాయులు దారి చూపితే పిల్లలు ఊళ్లలో పెద్దలను అడిగి గీస్తారు. ఒక ప్రతి బడి గోడ మీద, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉండాలి. అడగాల్సిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. నేను చెప్పిన ఆ ముసలాయన ఇప్పుడు లేరు. ఈ పని పదేళ్ల తర్వాత చేద్దామంటే చెప్పేవాళ్లు ఉండరు.

మూడోది మనందరికీ. సంక్రాంతికి ఊరికి వస్తాం, గురువులను చూస్తాం, ఫొటోలు దిగుతాం. ఏడాదిలో ఇంకొక్క ప్రయాణం మీ ఊరి గ్రామసభ రోజుకు పెట్టుకోండి. మాట్లాడక్కర్లేదు. చాప మీద కూర్చుంటే చాలు. చదువుకున్నవాళ్లు పదిమంది వెనక కూర్చుని వింటున్నారంటే లెక్క చదివే గొంతు మారుతుంది. ఇక్కడే ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా వెళ్లాలి. మనకు బదులు సంతకం మాత్రమే వెళ్లకూడదు.

మన సంఘం 1975లో మొదలైనప్పుడు చందా రూపాయి అని, ఆ రూపాయితో బీద పిల్లలకు పుస్తకాలు కొన్నామని పెద్దలు ఇందాక గుర్తుచేశారు. ఆ పుస్తకాల్లో చదివినవాళ్లే ఈ రోజు ఈ షామియానా కట్టించారు. వచ్చే యాభై ఏళ్లకు ఈ బడిలో పిల్లలుండాలంటే ఈ ఊళ్లలో కాపురాలుండాలి. కాపురాలుండాలంటే పొలానికీ కుండకూ నీరుండాలి. ఆ నీరు ఎగువ నుంచి ఎంత వస్తుందో మన చేతిలో లేదు. వచ్చింది ఊళ్లో ఎలా నిలుస్తుందో, ఎవరికి ఎంత అందుతుందో మాత్రం చాలా వరకు మన చేతిలోనే ఉంది.

  వంటవాళ్లు అటువైపు నుంచి సైగ చేస్తున్నారు. సెలవు.